కూతవేటు దూరానికి బండెందుకు?

నగర రవాణాను అధ్యయనం చేసేవారు ఒక కిలోమీటరు లోపు దూరాన్ని సాధారణంగా నడక దూరంగా లెక్కిస్తారు. ఆరోగ్యవంతుడైన మనిషి గంటకు సుమారు 5 కిలోమీటర్ల వేగంతో నడుస్తాడు కనుక ఆ దూరం పన్నెండు నిమిషాల పని, అర కిలోమీటరైతే ఆరు నిమిషాల పని. అయినా కొత్తిమీర కట్టకు, పాల ప్యాకెట్టుకు, తలనొప్పి మాత్రకు వీధి చివరి కొట్టుదాకా బండి తీయడం ఈనాడు తెలుగు పట్టణాల్లో ఎంత సహజమైపోయిందంటే, చేతిసంచితో నడిచి వెళ్లేవారినే ‘బండేమైందండీ’ అని ఇరుగుపొరుగు ఆరా తీస్తారు. కూతవేటు దూరానికి కూడా యంత్రం కావలసివచ్చే ఈ అలవాటును ఇంటి పెద్దలు, వైద్యులు, పత్రికల్లో రాసేవారు బద్ధకం అన్న ఒక్క మాటతో తేల్చేస్తుంటారు. ఆ తీర్పు ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడం ఈ ప్రసంగం ఉద్దేశం.

బద్ధకమే కారణమనుకుంటే అర్థం కాని విషయాలు తెలుగువారి జీవితంలోనే కొన్ని కనిపిస్తాయి. తిరుమలకు 1944లోనే ఘాట్ రోడ్డు వచ్చింది, 1974లో రెండోదీ వచ్చింది. కొండమీదికి బస్సులు, జీపులు ఎడతెగకుండా తిరుగుతున్నా, అలిపిరి నుంచి 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు నుంచి 2,388 మెట్లు ఎక్కిపోయేవారికి నేటికీ కొదవ లేదు. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్ల ప్రదక్షిణకు జనం పోటెత్తుతారు, అరుణాచలంలో 14 కిలోమీటర్ల గిరిప్రదక్షిణకు తెలుగు రాష్ట్రాల నుంచి బస్సులు కట్టించుకొని మరీ వెళ్తారు. వీరిలో చాలామంది సొంత ఊళ్లో అర కిలోమీటరుకు బండెక్కేవారే కాబట్టి, కాళ్లలో సత్తువ తక్కువని గానీ, మనసులో పట్టుదల లేదని గానీ అనడానికి వీల్లేదు. కొండ దగ్గర నడకే మొక్కు, కొట్టుకు పోయేటప్పుడు నడక వట్టి ఖర్చు. తేడా అక్కడ మొదలవుతుంది. భక్తులు అంతగా పట్టించుకోని మరో తేడా కూడా ఉంది: అలిపిరి మెట్లదారికి చాలా మేర పైకప్పు, తాగడానికి నీళ్లు, కూర్చోవడానికి చోటు, చీకటి పడితే దీపాలు ఉన్నాయి, మెట్లమీదికి వాహనం రాదు. ఇంటి నుంచి కొట్టుకు వెళ్లే దారిలో వీటిలో ఎన్ని ఉన్నాయో శ్రోతలు తమ వీధిని తలచుకొని చూసుకోవచ్చు.

శరీరం శ్రమను పొదుపు చేసుకుంటుందన్నది మాత్రం కాదనలేని సంగతి. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో భాషలను అధ్యయనం చేసిన జార్జ్ జిఫ్, 1949లో ప్రచురించిన గ్రంథంలో, మానవ ప్రవర్తనకు ‘కనిష్ఠ శ్రమ సూత్రం’ మూలమని, అంటే ఒక పని నెరవేర్చుకోవడానికి ఉన్న దారుల్లో మొత్తం మీద తక్కువ శ్రమ పడే దారినే మనిషి ఎంచుకుంటాడని ప్రతిపాదించాడు. కెనడాలోని సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో వెల్లడించిన ఒక ప్రయోగం దీనికి శరీరశాస్త్రం వైపు నుంచి బలం చేకూర్చింది. మోకాళ్లకు ఒక యంత్రపు చట్రం బిగించి, అలవాటైన తీరులో అడుగులు వేస్తే శ్రమ పెరిగేటట్టు ఏర్పాటు చేసినప్పుడు, నడిచేవారు కొద్ది నిమిషాల్లోనే అడుగుల లయ మార్చుకొని తక్కువ శ్రమ పడే తీరుకు చేరుకున్నారు. అలా మిగిలిన శక్తి అయిదు శాతం కన్నా తక్కువే అయినా శరీరం దాన్ని వదులుకోలేదు. ఇంత పిసినారితనం మనిషి ఒంట్లోనే ఉండగా, గేటు లోపల తాళంతో సిద్ధంగా ఉన్న స్కూటరును చూసీ చూడనట్టు దాటిపొమ్మనడం తేలిక కాదు. కాకపోతే శరీరం ఎదురుగా ఉన్న దారుల్లోంచి ఒకదాన్ని ఎంచుకుంటుందే తప్ప ఆ దారులను తాను సృష్టించదు. వాటిని సృష్టించేవి వీధి వేసిన తీరు, బజారు పెరిగిన తీరు, బండి నిలుపుకునే చోటు.

ముందుగా డబ్బు, సమయాల లెక్క చూడవలసి ఉంటుంది. కొట్టు అర కిలోమీటరు దూరంలో ఉందనుకుంటే రానూపోనూ నడకకు పన్నెండు నిమిషాలు పడుతుంది. స్కూటరు గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్తే రానూపోనూ మూడు నిమిషాలు, స్టాండు తీసి గేటు దాటించడానికి, కొట్టు ముందు ఖాళీ చూసి నిలపడానికి, తిరిగొచ్చి లోపల పెట్టడానికి మరో మూడు నిమిషాలు. అంటే మిగిలేది ఆరు నిమిషాలు. లీటరు పెట్రోలు వంద రూపాయలు దాటిన ఈ రోజుల్లో, లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చే బండికి ఆ కిలోమీటరు ప్రయాణం రెండు రూపాయల పైచిలుకు పని. ఆ రెండు రూపాయలు కూడా కొట్టుకు వెళ్లిన పూట జేబులోంచి పోయినట్టు తెలియవు, ఎందుకంటే బంకులో పెట్రోలు పోయించిన రోజునే అవి పోయాయి. బండి ధర, నెలవారీ వాయిదా, బీమా మొదలైనవి బండి కదిలినా కదలకపోయినా కట్టవలసినవే. ఇలా ముందే అయిపోయి వెనక్కి రాని ఖర్చును అర్థశాస్త్రంలో మునిగిన వ్యయం అంటారు; ఇంకొక్క ప్రయాణం చేస్తే అదనంగా పడే ఖర్చును ఉపాంత వ్యయం అంటారు. బండి లేనివారికి నడక ఉచితం, ఆటోకు ఛార్జీ. బండి కొన్న మర్నాటి నుంచి మునిగిన వ్యయం లెక్కలోంచి జారిపోయి, ఉపాంత వ్యయం దాదాపు సున్నాగా కనిపించి, ఆరు నిమిషాల నడకే ఖరీదైనదిగా తోస్తుంది. కనుక కొత్తిమీరకు బండి తీయాలన్న నిర్ణయం ఆ సాయంత్రం తీసుకున్నది కాదు, అందులో సగం షోరూములో తాళం చేతికి వచ్చిన రోజునే జరిగిపోయింది. మిగిలిన సగం మునిసిపాలిటీ ఇంజనీర్లు వీధిని కొలిచిన రోజున జరిగింది.

ఈ లెక్కలోకి రాని ఖర్చు ఒకటి యంత్రంలోనే దాగి ఉంది. పొగగొట్టంలో అమర్చే ఉత్ప్రేరక పరికరం, అంటే కాలీకాలని ఇంధన వాయువులను హాని తక్కువ చేసే వాయువులుగా మార్చే లోహపు పూత గల గది, దాదాపు 250 నుంచి 300 డిగ్రీల సెల్సియస్ వేడెక్కాకనే సరిగా పనిచేస్తుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 ప్రమాణాలు అమలులోకి వచ్చి బండ్ల పొగ తగ్గిన మాట వాస్తవమే అయినా, చల్లని ఇంజను మొదటి నిమిషాల్లో ఇంధనాన్ని ఎక్కువ పాళ్లలో తీసుకుంటుంది, ఆ పొగ సరిగా శుద్ధి కాకుండానే బయటికి వస్తుంది. అర కిలోమీటరు ప్రయాణం పూర్తిగా ఆ తొలి నిమిషాల్లోనే ముగిసిపోతుంది. ఇంజను ఆయిల్‌లో చేరిన తేమ ఆవిరయ్యేంత వేడి కూడా పుట్టదు కాబట్టి, రోజూ వీధి చివరిదాకా మాత్రమే తిరిగే బండికి ఆయిల్ త్వరగా చెడుతుంది. విద్యుత్ స్కూటర్లకు ఈ చిక్కు లేదు. అయితే వాటికి కిలోమీటరు ఖర్చు ఇంకా తక్కువ కనుక, పొట్టి ప్రయాణాలు వాటివల్ల తగ్గడం కాక పెరిగే అవకాశమే ఎక్కువ.

పశ్చిమ దేశాల్లో ఈ విషయాన్ని చర్చించేటప్పుడు కారును దృష్టిలో పెట్టుకుంటారు, తెలుగు నేలమీద ప్రధాన పాత్ర మోటారు సైకిలుది, స్కూటరుది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో దాదాపు సగం కుటుంబాలకు ద్విచక్రవాహనం ఉంది, కారున్న కుటుంబాలు నూటికి ఎనిమిది లోపే. ఈ తేడా చిన్నది కాదు. కారును బయటికి తీయాలంటే సందులో వెనక్కి నడపాలి, వెళ్లినచోట నిలపడానికి తావు వెతకాలి. ఆ ఇబ్బందే కొన్నిసార్లు మనిషిని నడిపిస్తుంది. స్కూటరుకు ఆ ఇబ్బంది లేదు, మనిషి నిలబడగల ప్రతి చోటా అదీ నిలబడుతుంది. అమెరికా ఆర్థికవేత్త డొనాల్డ్ షూప్ 2005లో వెలువరించిన గ్రంథంలో, వాహనాలు ఉచితంగా నిలిపే స్థలం నిజానికి ఉచితం కాదని, దాని ధరను వాహనం లేనివారితో సహా అందరూ మరో రూపంలో చెల్లిస్తున్నారని వాదించాడు. తెలుగు పట్టణాల్లో ఆ చెల్లింపు రూపం కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది: కొట్టు ముందు వరుసగా నిలిచిన బండ్ల కింద ఉన్నది కాలిబాటే. బండి మీద వచ్చినవారికి దొరికిన సౌకర్యం నడిచి వచ్చేవారి దారిలోంచి కోసి ఇచ్చినదే, ఆ దారి పోయినందువల్ల మరికొందరు బండెక్కుతారు.

ఇక్కడ కాలిబాట సంగతి కొంత వివరంగా చెప్పుకోవలసి ఉంది. రహదారుల ప్రమాణాలను నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్, పాదచారుల సౌకర్యాలపై తన మార్గదర్శకాలను 2012లో సవరించింది. వాటి ప్రకారం కాలిబాటలో ఏ అడ్డూ లేని నడక భాగం కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలి, అంటే ఎదురెదురుగా వచ్చే రెండు చక్రాల కుర్చీలు ఒకదాన్నొకటి దాటిపోగలగాలి, తలపైన 2.2 మీటర్ల ఎత్తువరకు ఏదీ వేలాడకూడదు. రోడ్డు నుంచి కాలిబాట ఎత్తు 150 మిల్లీమీటర్లకు, అంటే జానెడు కన్నా తక్కువకు, మించకూడదు. ఈ కొలతలు పట్టుకొని జిల్లా కేంద్రంలో ఒక బజారు వీధికి వెళ్తే ఏం కనిపిస్తుందో చూడవచ్చు. కాలిబాట మొదట్లోనే మోకాలెత్తు గట్టు, దాన్ని ఎక్కలేక ముసలివారు రోడ్డు వారగానే పోతుంటారు. నాలుగడుగులు వేయగానే బట్టల కొట్టువాడు తన బండి లోపలికి ఎక్కించుకోవడానికి పరిచిన ఏటవాలు ఇనుపరేకు, వాననీటికి నున్నబడి జారుతుంటుంది. దాని తరువాత ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె, చుట్టూ ముళ్లకంచె. ఆ పక్కన మురుగు కాల్వ మీద నాలుగు పలకల్లో ఒకటి విరిగిపోగా, ఎవరో జాలిపడి గుంతలో గుచ్చిన చెట్టుకొమ్మ హెచ్చరికగా నిలబడి ఉంటుంది. ఆపైన టిఫిన్ బండి, దాని ముందు ప్లేట్లు పట్టుకొని నిలబడి తినేవారు, వారి బండ్లు. వంద మీటర్ల దారిలో పాదచారి ఎన్నిసార్లు రోడ్డుమీదికి దిగి ఎక్కాడో లెక్కపెడితే, అతడు చివరికి దిగినచోటే ఎందుకు ఉండిపోతాడో అర్థమవుతుంది.

టిఫిన్ బండిని తోసేస్తే సమస్య తీరుతుందనుకోవడం పొరపాటు. వీధి వ్యాపారుల జీవనోపాధికి రక్షణ కల్పిస్తూ 2014లో పార్లమెంటు ప్రత్యేకంగా చట్టమే చేసింది. వారికి తగిన స్థలాలు గుర్తించడం స్థానిక సంస్థల బాధ్యత. అదీగాక, తోపుడు బండి మీద కూరగాయలు ఇంటి ముందుకే వచ్చే వీధిలో బండి తీయవలసిన అవసరమే సగం తగ్గుతుంది కాబట్టి, ఈ వ్యాపారి నడకకు శత్రువు కన్నా మిత్రుడే ఎక్కువ. కాలిబాటను ఎక్కువగా ఆక్రమించేవి పక్కా దుకాణాల మెట్లు, జనరేటర్లు, నిలిపి ఉంచిన వాహనాలు. 2025 మే నెలలో సుప్రీంకోర్టు, అడ్డంకులు లేని కాలిబాట మీద నడవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం, అంటే జీవించే హక్కును హామీ ఇచ్చే అధికరణం, పరిధిలోకి వస్తుందని, అది వికలాంగులకు కూడా అనువుగా ఉండాలని స్పష్టం చేసింది. దీంతో కాలిబాట అలంకారం కాదన్నది చట్టపరంగా తేలిపోయింది.

కాలిబాట బాగున్నా రోడ్డు దాటడం మరో గండం. ట్రాఫిక్ ఆగకుండా సాగాలన్న ఉద్దేశంతో హైదరాబాదులోనూ ఇతర నగరాల్లోనూ అనేక కూడళ్లను మూసివేసి, మధ్యలో డివైడరు కట్టి, కొంత దూరంలో యూ టర్నులు ఇచ్చారు. ఈ ఏర్పాటులో వాహనాలు ఎక్కడా నిలవవు కనుక, ఆగిన వాహనాల మధ్య నుంచి దాటిపోయే అవకాశం పాదచారికి పోయింది. ఎదురుగా కనిపిస్తున్న మందుల దుకాణానికి పోవాలంటే డివైడరు దూకాలి, లేదా పాదచారుల వంతెన ఎక్కి దిగాలి, లేదా బండి మీద యూ టర్ను దాకా వెళ్లి తిరిగి రావాలి. మూడో దారి పెట్రోలు ప్రకారం తెలివితక్కువది, ప్రాణభయం ప్రకారం తెలివైనది. నాలుగోది కూడా ఉంది, అందరికీ తెలిసినదే: రాంగ్ రూట్. కేంద్ర రహదారి రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించగా, వారిలో 32,825 మంది పాదచారులు. అదే ఏడాది ద్విచక్రవాహనాల మీద పోయినవారు 74,897 మంది కాబట్టి, బండెక్కినంత మాత్రాన భద్రత దొరుకుతుందని చెప్పడానికి లేదు. అయినా రోడ్డు మధ్యలో చిక్కుకొని నిలబడిన మనిషికి, హారన్ చేతిలో ఉన్నవాడి స్థితి మెరుగైనదిగా తోచడంలో ఆశ్చర్యం లేదు.

ఎండను మరచిపోవడానికి వీల్లేదు. రెంటచింతలలో, రామగుండంలో మే నెల మధ్యాహ్నం ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు అటూ ఇటూగా ఉన్నప్పుడు అర కిలోమీటరు నడవమని ఉపదేశించేవారు ముందు తాము నడిచి చూపాలి. అశోకుడు రోడ్లకు ఇరువైపులా చెట్లు నాటించాడని తెలుగు విద్యార్థులు తరతరాలుగా వల్లెవేస్తూనే ఉన్నారు, రోడ్ల విస్తరణలో మొదట నేలకూలుతున్నవీ ఆ చెట్లే. పాతబడిన వీధుల్లో వేప, రావి, కానుగ నీడలో మధ్యాహ్నం కూడా మనుషులు నడుస్తూ కనిపిస్తారు. పక్కనే వెడల్పు చేసిన సిమెంటు రోడ్డు మీద అదే సమయంలో నడిచే ప్రాణి కానరాదు. డివైడరు మధ్యలో నాటే పూలమొక్కల నీడ ఎవరి మీద పడుతుందన్న ప్రశ్న టెండరు పిలిచేవారికి ఎందుకు రాదో తెలియదు.

ఆడవారి విషయంలో బద్ధకమన్న నింద మరీ అన్యాయమైనది. దీపాలు వెలగని సందులో, సెంటరులో గుంపుగా నిలబడి మాటలు విసిరేవారి ముందు నుంచి, చౌరస్తాలో కుక్కల గుంపు మధ్య నుంచి నడిచి పోవడానికి, స్కూటరు మీద ఆగకుండా దాటిపోవడానికి ఎంతో తేడా ఉంది. గత రెండు మూడు దశాబ్దాల్లో తెలుగు పట్టణాల్లో అమ్మాయిలు కళాశాలకు, ఉద్యోగానికి ఎవరినీ బతిమాలకుండా వెళ్లగలిగారంటే అందులో గేర్లు లేని స్కూటరుకు చెప్పుకోదగ్గ భాగం ఉంది. అలా సంపాదించుకున్న స్వేచ్ఛను వీధి చివరి కొట్టు దగ్గర వదులుకోమనడం సబబు కాదు. దీనికి తోడు హోదా సంగతి ఒకటి ఉండనే ఉంది: పెళ్లి సంబంధానికి వచ్చినవారు గానీ, కొత్తగా చేరిన ఉద్యోగి గానీ నడిచి వస్తే ఒక రకం చూపు, బండి దిగితే ఇంకో రకం చూపు. తండ్రుల తరంలో సైకిలు పొందిన ఈ మర్యాద ఇప్పుడు బుల్లెట్ బండికి దక్కింది.

మోత సంగతి ఇంకా స్పష్టమైనది. తాగునీరు కుళాయిలో వచ్చినా తాగడానికి నమ్మకం చాలని ఊళ్లలో, వాటర్ ప్లాంటు నుంచి 20 లీటర్ల టిన్ను తెచ్చుకోవడం ఇంటి మగవారి రోజువారీ పని. 20 లీటర్ల నీళ్లంటే 20 కిలోల బరువు. దాన్ని చేత్తో పట్టుకొని మూడు వందల మీటర్లు నడిస్తే చేయి పడిపోతుంది. స్కూటరు ముందు భాగంలో కాళ్లు పెట్టుకునే చదునైన చోట టిన్ను నిలబెట్టి, మోకాళ్లతో అదిమి పట్టుకొని, మూతలోంచి చుక్కలు పాదాల మీద పడుతుండగా మెల్లగా నడుపుకుంటూ వచ్చే దృశ్యం కోస్తాలోనూ తెలంగాణలోనూ ఒకటే. అలా కుళాయి నీటి మీద నమ్మకం లేకపోవడం ఒక వాహన ప్రయాణంగా మారుతుంది. దీన్ని రవాణా సమస్యగా ఎవరూ లెక్కించరు, నీటి సమస్యగా లెక్కించేవారు బండిని చూడరు.

బడి ప్రయాణం దీనికి మరో ఉదాహరణ. ఇంగ్లండులో మేయర్ హిల్‌మన్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు జరిపిన అధ్యయనంలో, 1971లో ఏడెనిమిదేళ్ల పిల్లల్లో నూటికి ఎనభై మంది పెద్దల తోడు లేకుండా బడికి వెళ్లగా, 1990 నాటికి ఆ సంఖ్య తొమ్మిదికి పడిపోయినట్టు తేలింది. రోడ్డుమీద బండ్లు పెరిగాయన్న భయంతో తల్లిదండ్రులు పిల్లలను బండి మీద దించడం, అలా దించే బండ్ల వల్ల బడి ముందు రద్దీ పెరగడం, ఆ రద్దీని చూసి మిగిలినవారూ బండి తీయడం ఒకదాన్నొకటి పెంచుకునే చక్రం. ఉదయం ఎనిమిదిన్నరకు తెలుగు పట్టణంలోని ఏ ప్రైవేటు బడి గేటు ముందు నిలబడినా ఆ చక్రం తిరుగుతూ కనిపిస్తుంది. పక్క వీధి నుంచి వచ్చిన తండ్రి, ముందు ఒకరు వెనుక ఇద్దరు పిల్లలతో, ఆటోలకూ బస్సులకూ మధ్య నుంచి దారి చేసుకుంటుంటాడు. పది నిమిషాల్లో సరుకులు తెచ్చే యాప్‌లు కొట్టు ప్రయాణాన్ని తప్పించాయని కొందరంటారు గానీ, ఆ ప్రయాణం ఎక్కడికీ పోలేదు, బండి నడిపే మనిషి మాత్రమే మారాడు, ఆపైన అతడికి గడియారం కూడా తోడైంది.

ఆరోగ్యం విషయంలో చెప్పవలసినది ఎక్కువగా అందరికీ తెలిసినదే. లండనులో జెర్రీ మోరిస్ బృందం 1953లో ప్రచురించిన పరిశోధన, రెండంతస్తుల బస్సుల్లో రోజంతా కూర్చుని ఉండే డ్రైవర్ల కన్నా, మెట్లు ఎక్కిదిగుతూ టికెట్లు కొట్టే కండక్టర్లకు గుండె జబ్బు తక్కువగా వస్తున్నదని చూపింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమను సిఫారసు చేస్తోంది; రోజూ రెండుసార్లు కొట్టుకు, బస్టాపుకు నడిచేవారికి అందులో పెద్ద భాగం విడిగా ప్రయత్నించకుండానే సమకూరుతుంది. దీనికి బదులుగా నగరవాసి నడకను దైనందిన పనుల నుంచి వేరుచేసి, తెల్లవారుజామున చేసే వ్యాయామంగా మార్చుకున్నాడు. హైదరాబాదులోని కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనం వెలుపల పొద్దున్నే బారులు తీరే కార్లు ఈ మార్పుకు సాక్ష్యం. నడవడానికి కారులో వచ్చేవారిని చూసి నవ్వడం సులువే, కానీ ఇంటి నుంచి అక్కడిదాకా నడవదగిన దారి ఉండి ఉంటే వారిలో కొందరికైనా ఉద్యానవనం అవసరమే పడేది కాదు.

దూరాన్ని మనసు కొలిచే తీరు గురించి లండన్ భూగర్భ రైలు ఒక మంచి పాఠం. లెస్టర్ స్క్వేర్, కోవెంట్ గార్డెన్ స్టేషన్ల మధ్య దూరం సుమారు 260 మీటర్లు, నడిస్తే మూడు నాలుగు నిమిషాలు. అయినా ఎందరో రైలెక్కుతారు. దిగాక కోవెంట్ గార్డెనులో లిఫ్టు కోసం వరుసలో నిలబడతారు, లేదా 193 మెట్లు ఎక్కుతారు. కారణం చాలావరకు పటంలో ఉంది. 1933 నుంచి వాడుకలో ఉన్న, హ్యారీ బెక్ రూపొందించిన రైలు పటం, చదవడానికి వీలుగా స్టేషన్ల మధ్య ఎడాన్ని ఇంచుమించు సమానంగా చూపుతుంది కనుక, నేలమీద పక్కపక్కనే ఉన్నవి కూడా పటంలో దూరంగా కనబడతాయి. 2015లో రవాణా సంస్థే స్టేషన్ల మధ్య నడకకు పట్టే నిమిషాలతో మరో పటం విడుదల చేసింది. అంతకు నాలుగేళ్ల ముందే స్పెయిన్‌లోని పోంటెవెద్రా పట్టణం రైలు పటం నమూనాలో నడక నిమిషాల పటం వేసుకుంది. దాదాపు 83,000 జనాభా గల ఆ పట్టణంలో రైలు పటం వేసుకోవడానికి మెట్రో ఏదీ లేదు. 1999 నుంచి మేయరుగా ఉన్న మిగెల్ అంషో ఫెర్నాందెస్ లోరెస్ నాయకత్వంలో పట్టణ నడిబొడ్డును పాదచారులకు అప్పగించాకనే ఆ పటానికి అర్థం ఏర్పడింది. తెలుగువారికి దగ్గరి ఉదాహరణ కావాలంటే చెన్నై ఉంది. చెన్నై నగరపాలక సంస్థ 2014లో, నడకకూ సైకిలుకూ రవాణా బడ్జెట్టులో కనీసం 60 శాతం కేటాయించాలన్న విధానాన్ని ఆమోదించింది; తెలుగు సినిమా మద్రాసులో ఉన్న రోజుల్లో తెలుగువారికి చిరపరిచితమైన టి.నగర్ పాండీ బజారు, 2019 నవంబరులో విశాలమైన కాలిబాటలతో కొత్త రూపంలో తెరుచుకుంది.

అలవాటైన దారి ఎలా మారుతుందో కూడా లండనే చూపింది. 2014 ఫిబ్రవరిలో అక్కడి భూగర్భ రైలు సిబ్బంది రెండు రోజులు సమ్మె చేసినప్పుడు జనం తప్పనిసరై వేరే దారులు పట్టారు. సమ్మె ముగిశాక ప్రయాణ కార్డుల సమాచారాన్ని పరిశీలించిన ఆర్థికవేత్తలు, ప్రయాణికుల్లో సుమారు అయిదు శాతం మంది పాత దారికి తిరిగి రాలేదని, రైలు పటం దూరాలను ఎక్కువగా వక్రీకరించిన ప్రాంతాల్లో ఈ మార్పు మరింత ఎక్కువగా ఉందని గమనించారు. తెలుగు పట్టణాల్లో ఆ సమ్మెకు సాటివచ్చే సందర్భం బండి మెకానిక్ షెడ్డులో ఉండే రెండు మూడు రోజులు. బండి పట్టని ఇరుకు సందు గుండా మార్కెట్టుకు దగ్గరి దారి ఉందని, మందుల దుకాణం నిజానికి నాలుగు నిమిషాల దూరమేనని ఆ రోజుల్లోనే తెలిసివస్తుంది. బండి తిరిగి వచ్చాక ఆ తెలివిడి ఎన్నాళ్లు నిలుస్తుందన్నది మనిషి సంకల్పం కన్నా, ఆ సందు చివర కాల్వ మీద పలక ఉందా, స్తంభం మీది దీపం వెలుగుతోందా అన్నదాని మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. పలక మార్చడానికీ దీపం వేయడానికీ పెద్ద టెండర్లు అక్కర్లేదు, వార్డు స్థాయిలో ఒక్క రోజులో అయిపోయే పనులవి. ప్రధాన రహదారికి రంగురంగుల టైల్స్ పరచడానికి ముందు మునిసిపాలిటీలు ఇళ్లకూ, బడికీ, కిరాణా కొట్టుకూ మధ్య ఉన్న ఇలాంటి సందుల జాబితా తయారు చేసుకుంటే, ఖర్చు ఎంత తక్కువో వాటి ఇంజనీర్లకే ముందుగా తెలుస్తుంది.